కుడిచేతి మాట: ‘డెక్స్టరస్’ అను ఆంగ్లపదమును గూర్చి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఒక పల్లెలో ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపు మూయకుండ నిలుచుట సామాన్యమైన సంగతి కాదు. వానలు తప్పిన యేండ్లలో మనకు చందాలు తప్పినవి. చందాలు తప్పిన యేండ్లలో సైతము పత్రికలు తప్పలేదు. ఆ చరిత్రను నాకంటె బాగుగ చెప్పగలవారు ఈ వేదికమీదనే యున్నారు. నాకు కార్యవర్గమువారు అప్పగించిన పని వేరు. ‘ఏదేని భాషావిషయమును గూర్చి అరగంటసేపు మాటలాడుము’ అనిరి. నేను పండితుడను గాను. మా తండ్రిగారు ఈ యూరి కరణము. 1984లో కరణీకములు రద్దయినవి. పదవి పోయినది గాని, లెక్కలు వ్రాయు పని మా యింటిని విడువలేదు. పగలు పద్దులు, రాత్రి భారత భాగవతములు. ఇదియే నా చదువు. గురుముఖమున నేర్చినది లేదు. ఈ బీరువాలలోని టీకాతాత్పర్యములే నాకు గురువులు.

నేను భారతములోని యేదో ఒక ఘట్టమును చెప్పుదునని పెద్దలు తలచియుందురు. భారతము కొంత వచ్చును, రాకపోదు. కాని నేడు నేను ఎత్తికొన్నది ఒక ఇంగ్లీషు మాట. గత వేసవిలో మన చందాదారులలో డిగ్రీ చదువుచున్న అమ్మాయి యొకతె పుస్తకము తెరచి చూపి, ‘పెదనాయనా, ఈ డెక్స్టరస్ అనుదానికి అర్థమేమి? ఫోనులో చూచితిని. నైపుణ్యముగల అని యున్నది. స్కిల్‌ఫుల్ అను మాటకును అదే యున్నది, ఎక్స్‌పర్ట్ అను మాటకును అదే యున్నది. అన్నిటికి ఒకటే యర్థమైనచో ఇన్ని మాటలెందుకు?’ అని యడిగెను. పద్దు వ్రాయువానికి ఈ ప్రశ్న కొత్త కాదు. ఒకే మొత్తము మూడు పద్దులక్రింద కనబడినచో ఎక్కడనో ఏదో దాగియున్నదని అర్థము. నాటినుండి ఆ మాట వెంట పోతిని. పోగా పోగా అది మన యూరికే తిరిగివచ్చినది.

మొదట వాడుక చెప్పెదను. ఇంగ్లీషువారు ‘డెక్స్టరస్’ అను విశేషణమును ముఖ్యముగా చేతిపనియందు వాడుదురు. శస్త్రవైద్యుని వ్రేళ్లు, వీణ వాయించువాని వ్రేళ్లు, సూదిలో దారమెక్కించి క్షణములో కుట్టు ముగించు దర్జీవాని వ్రేళ్లు - వీనికి ఆ మాట తగును. వేగముండవలెను, తొట్రుపాటు ఉండరాదు, చూచువానికి ఆ పని సులువుగా తోచవలెను. ఈ మూడును కలసిననే ఆ మాట. గుండు నెత్తి భుజముమీదుగా వేయు వస్తాదును డెక్స్టరస్ అనరు, అది బలము. నాలుగు శాస్త్రములు చదివినవానినిగూడ అందుచేతనే అనరు, అది పాండిత్యము. చదివినది చేతలోనికి దిగినపుడే ఈ మాటకు చోటు. పిమ్మట అది చేతినుండి బుద్ధికి ఎక్కినది. ఎదుటి పక్షము వేసిన ముడిని మృదువుగా విప్పు న్యాయవాదిని, ఇరుపక్షములను నొప్పింపక పని గడుపుకొను మంత్రిని గూడ డెక్స్టరస్ అందురు. అట్లన్నప్పుడు ఆ మెప్పుదలలో ఒక చిటికెడు అనుమానము కలసియుండును. వీడు సమర్థుడే, కాని జేబు జాగ్రత్త యన్నట్లు. ఎక్స్‌పర్ట్ అను మాటకు మూలార్థము పరీక్షించి చూచినవాడు, అనగా అనుభవముచేత తేలినవాడు అని. కనుక ఆ యమ్మాయి చూచిన మూడు మాటలు ఒకటి గావు. ఈ మాటను ఇంగ్లీషున రెండు విధముల వ్రాయుదురు. నడుమ అచ్చు నుంచియు వ్రాయుదురు, తీసివేసియు వ్రాయుదురు. రెండును ఒప్పే. పరీక్షలో మార్కులు తీసివేయు అధికారము ఎవరికిని లేదు.

ఇక పుట్టుక. ఈ మాట లాటిను భాషనుండి వచ్చినది. లాటినున ‘డెక్స్టర్’ అనగా కుడి. డెక్స్టరస్ అనగా మొదట కుడిచేతివాటము గలవాడు. అంతే. నైపుణ్యమంతయు కుడిచేతియందే యున్నదని ఆ జాతి నమ్మినది. ఇదే అర్థమున ఇంగ్లీషువారికి ‘అడ్రాయిట్’ అను మాట మరియొకటి యున్నది. అది ఫ్రెంచినుండి వచ్చినది. దానిలోను కుడియే యున్నది. మరి ఎడమ గతి యేమి? ఫ్రెంచిన ఎడమను ‘గోష్’ అందురు. ఇంగ్లీషులో ఆ మాటకు మోటు, ఒడుపులేనిది అని యర్థము. లాటినున ఎడమను ‘సినిస్టర్’ అందురు. ఇంగ్లీషులో దానికి కీడు సూచించునది, దుష్టమైనది అని యర్థము. ఇంగ్లీషువారి సొంతమాట ‘లెఫ్ట్’ సంగతి చూచిన, పాత ఇంగ్లీషులో దాని కర్థము బలహీనము. కుడికి గౌరవమంతయు పోగా, ఎడమకు మిగిలినది మోటుదనము, కీడు, బలహీనత.

ఇవి యెక్కడనో సముద్రముల కావలి మాటలనుకొనవలదు. మన ఆసుపత్రిలో జ్వరపీడితునకు ఎక్కించు గ్లూకోజు సీసాపైన ‘డెక్స్ట్రోజ్’ అని అచ్చువేసియుండును, చూడుడు. ఒక విధమైన కాంతికిరణమును ఆ చక్కెర ద్రావణముగుండ పంపినచో, కిరణము తిరుగు తలము కుడివైపునకు ఒరగును. అందుచేత ఆ చక్కెరకు కుడి పేరు పెట్టిరి. మన నరములలోనికి ఎక్కిన మాట యిది!

మన సంస్కృతము వేరుగా తలచినదా యని చూచితిని. తలచలేదు. ‘దక్ష’ యనగా సమర్థుడు. దానితోడి మాటయే ‘దక్షిణ’; అనగా కుడి. తూర్పుమొగముగ నిలుచున్నవానికి కుడివైపు ఏ దిక్కో అది దక్షిణ దిక్కు. దేవుని కుడివైపున ఉంచుకొని తిరుగుట ప్రదక్షిణము. అంతతో ఆగక, దక్షిణశబ్దమునుండి ‘దాక్షిణ్యము’ పుట్టినది. ఎదుటివాని మనసెరిగి నడచుకొను మంచితనము. నేర్పును, మర్యాదయు రెండును కుడిచేతికే కట్టబెట్టిరి. ఎడమకు ‘వామ’ అను పేరు. ఆ మాటకు అందము అను అర్థమున్నది, అందుచేతనే వామలోచన వంటి మాటలున్నవి; ప్రతికూలము, వక్రము అను అర్థమును ఉన్నది. సంస్కృతము ఎడమచేతిని పూర్తిగ తిట్టలేదు. పొగడి, వెంటనే అనుమానించినది.

నైపుణ్యమునకు సంస్కృతమున ఇంకను మాటలున్నవి. ‘కుశలుడు’ అనగా దర్భను చేయి తెగకుండ కోసితెచ్చువాడని పెద్దలు చెప్పు వ్యుత్పత్తి. కుశగడ్డి అంచు కత్తివంటిది గదా! మమ్మటుడు కావ్యప్రకాశమున ఈ శబ్దమునే రూఢిలక్షణకు ఉదాహరణముగ చూపెను. సాహిత్యదర్పణకారుడగు విశ్వనాథుడు దాని నొప్పుకొనలేదు. సమర్థుడనుటయే ఆ మాటకు ముఖ్యార్థము, లక్షణ యేల, అని ఆయన వాదము. ఆ తగవు తీర్చుటకు నేను చాలను. ‘ప్రవీణుడు’ అను మాటకు వీణయందు మిక్కిలి నేర్పుగలవాడని వ్యుత్పత్తి చెప్పుదురు. ఈ వీణను మాత్రము మీరు మరువవలదు; కొంతసేపటికి దానితో పనియున్నది.

ఇప్పుడు భారతము వచ్చుచున్నది. విరాటపర్వమున, జమ్మిచెట్టు చెంత, ఉత్తరకుమారుడు బృహన్నల మాటను నమ్మక, అర్జునునకు పది పేర్లున్నవందురే, అవి యేవియో చెప్పుమనును. అర్జునుడు ఒక్కొక్క పేరును దాని కారణముతో చెప్పును. వానిలో ‘సవ్యసాచి’ యొకటి. ఎడమచేతను బాణము వేయగలవాడు. సంస్కృతమూలమున అతడు చెప్పు కారణము గమనింపదగినది: గాండీవమును లాగుటలో నా రెండు చేతులును కుడిచేతులే యని! రెండు చేతులును సమానముగ వాడగలవానిని ఇంగ్లీషున ‘ఆంబిడెక్స్ట్రస్’ అందురు. ఆ మాటను విడదీసినచో, లాటినున, రెండును కుడిచేతులే యగువాడు. ఒకరి మాట ఒకరు వినని రెండు జాతులు ఒకే మాట ననుట చూచితిరా! నాకు మొదట ఆనందమైనది. పిమ్మట కొంత బాధ కలిగినది. ఎడమచేతిని మెచ్చుకొనవలసి వచ్చినప్పుడు గూడ, అది ఎడమచేయి గాదు, రెండవ కుడిచేయి, అని చెప్పిననే గాని మెప్పు రాలేదు.

ఈ సందర్భమున మరియొక చిత్రము. అమరకోశము ప్రకారము సవ్యమనగా ఎడమ, అపసవ్యమనగా కుడి. సవ్యసాచి పేరున ఉన్నది ఆ సవ్యమే. మనమో తెలుగున ‘అంతయు సవ్యముగా నున్నది’ అందుము. అనగా సరిగా నున్నదని. ఎడమ ఎట్లు సరియైనది? యజ్ఞోపవీతమువలన. దేవకార్యమున అది ఎడమ భుజముమీద నుండును, అది సవ్యము. పితృకార్యమున కుడి భుజముమీదికి మార్చుదురు, అది అపసవ్యము. నిత్యముండు తీరు సవ్యము గనుక సవ్యమే క్రమమైనది, అపసవ్యమే క్రమము తప్పినది. నిఘంటువులో ఎడమయైన మాట వాడుకలో ఒప్పయి కూర్చున్నది. మాటకు ఉపకారము చేయునది వ్యాకరణము గాదు, వాడుక.

సవ్యసాచి బిరుదము నేడు మన సభలలో చవుకయైనదని గూడ చెప్పక తప్పదు. పద్యమొకటి, వ్యాసమొకటి వ్రాసిన ప్రతివానిని ఆహ్వానపత్రికలో సవ్యసాచి యనుచున్నారు. నిజముగ ఆ పేరు తగినవారు మన ప్రాంతపు సాహిత్యమున లేకపోలేదు. నంద్యాల కృష్ణరాజునకు కళాపూర్ణోదయము నంకితమిచ్చిన పింగళి సూరన, రాఘవపాండవీయమున ఒకే పద్యముచేత రామాయణ కథను, భారత కథను రెంటిని చెప్పించెను. ఒక చేతితో రెండు లెక్కలు వ్రాయుట అది. నావంటివాడు చేసినచో జైలునకు పోవును. ఆయన చేసి కీర్తి గనెను.

ఇక తెలుగు. అసలు నేను చెప్పదలచినది ఇందే యున్నది.

మన తెలుగు కుడిచేతికి ఏ పేరు పెట్టినది? ‘కుడి’. కుడుచు చేయి గనుక కుడిచేయి యని పెద్దలు చెప్పుదురు. కుడుచుట యనగా తినుట, త్రాగుట. లాటినువాడు కుడిచేతిని చూచి నైపుణ్యమును తలచెను. సంస్కృతమువారు సామర్థ్యమును తలచిరి. తెలుగువాడు అన్నమును తలచెను. పని చేయుటలో దానికేదో ప్రత్యేకాధికార మున్నదని మన మాట చెప్పదు. రైతు కాడికి కట్టిన ఎద్దులకు వలపటెద్దు, దాపటెద్దు అని పేర్లు. వలపల యనగా కుడి, దాపల యనగా ఎడమ. రెండును ఒకే కాడి మోయును. దాపటెద్దును దుష్టమనిన రైతును నేను చూడలేదు.

మరి నైపుణ్యమునకు తెలుగువాడు ఏమి పేరు పెట్టెను? ‘నేర్పు’. అది కుడినుండి రాలేదు, దర్భనుండి రాలేదు. ‘నేర్చు’ అను క్రియనుండి వచ్చినది. నేర్చినది నేర్పు, నేర్పు గలవాడు నేర్పరి. పూర్వకావ్యములు చదువునపుడు ఒక విశేషము కనబడును. ‘చేయనేర్చును’ అనగా చేయగలడు. ‘చేయనేరను’ అనగా చేయజాలను. నేర్చుటకును, చేయగలుగుటకును మన పూర్వులు ఒకే క్రియను వాడిరి. చేయలేకపోవుట యనగా వారి లెక్కలో ఇంకను నేర్వకపోవుటయే. పుట్టుకతో వచ్చినదని గాని, ఒక చేతికి వ్రాసి యిచ్చినదని గాని ఆ మాటలో లేదు. ఇంత ఉదారమైన మాటను ఇంటిలో పెట్టుకొని మనము నైపుణ్యము, ప్రావీణ్యము, దక్షత యని సభలలో తిరుగుచున్నాము. ఆ మాటలు చెడ్డవని గాదు. నేనును ఇప్పుడే వాడితిని.

నేర్పుతో తృప్తి చెందక తెలుగువాడు దానికి దగ్గరి మాటలను ఎన్నింటినో చేసికొన్నాడు. ‘ఒడుపు’ అనగా పట్టు తెలిసిన సులువు. తేలుకొండి పట్టుకొనుటకు బలము చాలదు, ఒడుపు కావలెను. ‘హస్తలాఘవము’ సంస్కృతమే గాని ఊరిలో చెల్లుచున్న మాట. గారడివానికిని, జేబుదొంగకును గూడ అది యున్నదందుము. ‘చేతివాటము’ సంగతి మీకు తెలిసినదే. వాటము మంచిదే, చేయియు మంచిదే. రెండును కలసినచో సొమ్ము మాయమగును! లెక్కలు వ్రాయువారి వంశమున పుట్టినవాడను గనుక ఈ మాటను చిన్ననాటినుండి పలువురి నోట వినుచున్నాను. అన్నిటికంటె నాకు ప్రియమైనది ‘చేయి తిరిగిన’ అను మాట. చేయి తిరిగిన వంటవాడు, చేయి తిరిగిన వడ్రంగి, చేయి తిరిగిన రచయిత. పనిమీద వేయిసార్లు తిరిగి తిరిగి ఇక తప్పు పోలేని చేయి. ఏ చేయి? తెలుగువాడు చెప్పలేదు. ఆ యమ్మాయి యడిగిన డెక్స్టరస్ చేతిపనిని గూర్చినదైనచో నేను చెప్పు అర్థము ఇదే: చేయి తిరిగిన. బుద్ధిని గూర్చినదైనచో నేర్పరి. ఆ చిటికెడు అనుమానము కలసినచో ఉపాయశాలి, గడుసువాడు. నైపుణ్యముగల అను మాట తప్పు గాదు. ఉప్పులేని కూడు వంటిది.

మాటకు మాట వెదకునపుడు మన కడపవారికి బ్రౌనుదొర గుర్తురాక మానడు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో పుట్టి, 1820లో కడపకు కలెక్టరు కచ్చేరి ఉద్యోగియై వచ్చినపుడు ఇరువదియొక్క యేండ్ల యువకుడు. ఇక్కడి రైతుల అర్జీలు వినుటకు తెలుగు కావలసివచ్చెను. కావలసినది కొంతయే, ఆయన నేర్చినది కొండంత. 1829లో వేమన పద్యములను అచ్చువేయించెను. కడపలో బంగళా కొని, పండితులకు సొంత సొమ్ముతో జీతములిచ్చి తాటాకు ప్రతులను సరిచూపించెను. 1850ల తొలినాళ్లలో మద్రాసున అచ్చయిన ఆయన నిఘంటువులలో కావ్యములలోని మాటలతో బాటు సంతలోని మాటలును, పొలములోని మాటలును చోటుచేసికొన్నవి. పండితులకు నచ్చని మాటను సైతము జనము పలుకుచున్నచో ఆయన విడిచిపెట్టలేదు. ఆయన బంగళా శిథిలమైన చోటనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలవలన, నేడు కడపలో ఆయన పేర గ్రంథాలయమును, భాషాపరిశోధన కేంద్రమును వెలసియున్నవి. మన కుర్రవారు కడపకు పోయినపుడు సినిమా చూచివచ్చుటకు ముందో వెనుకనో అచటికిని పోయిరావలెనని నా మనవి. ఫోను నిఘంటువు మాటకు బదులు మాట నిచ్చును. ఆ మాటను ఎవడు, ఎప్పుడు, ఏ పనిమీద పలికెనో తెలియుటకు అట్టి పుస్తకములు కావలెను.

ఇంతవరకు మాటలు. ఇక చేతులను చూతము. ఎందుకనగా, మాటలు కుడిచేతికి వ్రాసియిచ్చిన నేర్పు నిజముగ దానిదేనా యని నాకు సందేహము కలిగినది. లెక్క తనిఖీ చేయక సంతకము చేయుట నాకు అలవాటు లేదు.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపునను, నేడు నంద్యాల జిల్లాలో చేరిన బేతంచెర్ల వైపునను బండలు తీయు గనులున్నవి. కడప బండలు పరచని యిల్లు మన సీమలో అరుదు. ఆ రాయి పొరలు పొరలుగ నుండును. పొర యెచ్చట విడునో పనివానికి తెలియవలెను. కుడిచేతివాటము గల పనివాడు సుత్తిని కుడిచేత పట్టును, ఉలిని ఎడమచేత పట్టును. చూచువారందరు సుత్తిని చూతురు. కాని దెబ్బ యెచ్చట పడవలెను, ఏ వాలున పడవలెను అని నిర్ణయించునది ఉలి పట్టిన చేయి. ఆళ్లగడ్డ శిల్పులవద్ద నిలబడి చూచితిని. సుత్తి ఒకే తాళమున పడుచుండును; ఉలి మాత్రము గింజంత గింజంత జరుగుచుండును. విగ్రహము కన్ను తెరచునది ఆ జరుగుటలోనే. కుడిచేయి కొట్టును, ఎడమచేయి ఆలోచించును.

ఒంటిమిట్ట సమీపమున మాధవరము నేతకు పేరొందినది. గుంటమగ్గముమీద పాతపద్ధతిని చేత నాడె విసరి నేయునపుడు, కుడిచేయి విసరిన నాడెను ఎడమచేయి అందుకొనును. మరల ఎడమచేయి విసరిన దానిని కుడిచేయి అందుకొనును. పడుగులో పేక యెంత కుడినుండి వచ్చినదో అంత ఎడమనుండి వచ్చినది. చీర కట్టుకొన్నవారు ఏ పోగు ఏ చేతిదో చెప్పగలరా? ఇప్పుడు వీణను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కుడిచేయి తీగ మీటును. మెట్లమీద తీగను లాగి గమకము పలికించునది ఎడమచేయి. గమకము లేని రాగము రాగమే కాదు. వీణయందు నేర్పుగలవాడే ప్రవీణుడైనచో, ఆ ప్రావీణ్యమున పెద్దపాలు ఎడమచేతిదే.

మన పొలములలో గొర్రు తోలునపుడు వెనుక నడచుచు జడ్డిగములో గింజ విడుచు ఆడవారిని చూచియుందురు. పిడికిలి బిగువు ఒక్క రవ్వ సడలినచో గింజ కుప్పవడును; బిగిసినచో సాలు ఖాళీపడును. పది దినములకు మొలకల వరుస ఆమె చేతి లెక్కను పొలమంతట వ్రాసి చూపును. ఆ లెక్కను దిద్దుటకు వీలులేదు. నా పద్దులను దిద్దవచ్చును. ఒక చేయి అలసినచో ఆమె రెండవ చేతికి గింజ మార్చుకొనును. ఆమె సవ్యసాచి యని ఏ ఆహ్వానపత్రికయు అచ్చువేయలేదు. నైపుణ్యముగల కార్మికులు, నైపుణ్యములేని కార్మికులు అని సర్కారు కాగితములలో రెండు వరుసలున్నవి. విత్తనము విడుచు చేతిని ఏ వరుసలో వ్రాయుదురో మీకు తెలియును, నాకును తెలియును.

పూర్వము దక్షిణదేశమున, ముఖ్యముగ తమిళ కన్నడ సీమలలోను వాని సరిహద్దు తెలుగుసీమలోను, కులములను కుడిచేతివారు, ఎడమచేతివారు అని రెండు పక్షములుగ విభజించిరి. ఏ వీధిలో ఎవరి ఊరేగింపు పోవలెనను తగవులతో 17, 18 శతాబ్దములలో చెన్నపట్టణమున కొట్లాటలు జరిగినవి. ఆ విభజనలో కంసాలి, కమ్మరి, కాసె మొదలగు పంచవృత్తులవారు ఎడమచేతి పక్షమున నుండిరి. దేవుని విగ్రహము చెక్కిన చేయి, నాగలికర్రు కాచిన చేయి, మంగళసూత్రము చేసిన చేయి. ఇవన్నియు లెక్కలో ఎడమచేయి! ఆ విభజన కాలగర్భమున కలిసినది. కాని ఆ పేరు పెట్టిన తీరు చూచినచో, పని యొకచోట, గౌరవము మరియొకచోట నుండుట మనకు కొత్త గాదని తెలియుచున్నది.

ఈ ప్రసంగమునకు నేను ఎందుకు పూనుకొంటినో ఇప్పుడు చెప్పెదను. లోకమున ఇంచుమించు పదిమందిలో ఒకరు పుట్టుకతో ఎడమచేతివాటము గలవారు. ఇది రోగము గాదు, పొగరు గాదు, పెద్దలను ధిక్కరించుట గాదు. మన యూరిలోను వారున్నారు. బిడ్డ ఎడమచేత బలపము పట్టినచో ‘పుర్రచేయి’ యని వెక్కిరించి, చేతిమీద కొట్టి, కొందరైతే చేతికి గుడ్డ కట్టి మాన్పించుట నేను చూచియున్నాను. మన గ్రంథాలయమునకు వచ్చు పిల్లవాడొకడు పుస్తకము తీసికొన్నపుడు రిజిస్టరులో పేరు వ్రాయవలసివచ్చిన, చుట్టును చూచి, ఎవరును లేనపుడు ఎడమచేత చక్కగ వ్రాయును. ఎవరైన చూచుచున్నచో కుడిచేతికి కలము మార్చి కోడిగీతలు గీయును. ఒకే రిజిస్టరులో ఒకే పేరు రెండు దస్తూరులలో ఉండుట చూచి, లెక్కలవాడను గనుక, ఇది యెవరి కుట్రయో యని మొదట అనుమానించితిని. అది కుట్ర గాదు, భయము.

భోజనమునకు, పూజకు కుడిచేయి వాడవలెనను ఆచారము ఇంటింటి సంగతి. దానిలో నేను తల దూర్చను. తెలుగుమాటయే చెప్పుచున్నది గదా, కుడుచు చేయి కుడిచేయి యని! కుడుచుట దాని పని. వ్రాయుట, కోయుట, కుట్టుట, చెక్కుట దానికే దఖలుపరచిన భూములు గావు. గాంధీమహాత్ముడు 1909లో ఇంగ్లండునుండి దక్షిణాఫ్రికాకు ఓడలో తిరిగివచ్చుచు హిందూస్వరాజ్యము అను గ్రంథమును గుజరాతీ భాషలో వ్రాసెను. వ్రాసి వ్రాసి కుడిచేయి అలసినపుడు ఎడమచేతికి కలము మార్చి వ్రాసెను. దాదాపు నలువది పుటలు ఎడమచేతి వ్రాతయే. చదివినవారెవరును ఆ పుటలలో స్వరాజ్యము కొంత తక్కువగా నున్నదనలేదు.

తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును నా విన్నపము ఇంతే: కొట్టవలదు. కొట్టుటచేత కుడిచేయి తిరుగదు. తిరుగుచున్న ఎడమచేయి ఆగిపోవును. అక్షరముమీదనే ఆ బిడ్డకు అలుక కలుగును. అట్టి అలుకతో పెరిగిన బిడ్డ ఈ గ్రంథాలయమునకు రాడు.

ఇక చివరగా కార్యవర్గమువారితో ఒక చిన్న లెక్క. రజతోత్సవ విరాళములలో మిగులు సొమ్ముతో పఠనమందిరమునకు వ్రాతపలక బిగించిన కుర్చీలు ఇరువది కొనదలచియున్నారు. సంతోషము. మచ్చునకు తెచ్చిన కుర్చీని నేను చూచితిని. దాని పలక కుడివైపున నున్నది. ఎడమచేత వ్రాయువాడు దానిపై వ్రాయవలెనన్న నడుము మెలితిప్పవలెను. పదింటికి ఒకటి చొప్పున ఇరువదింటికి రెండు. ఆ రెండింటికి పలకను ఎడమవైపున బిగించి పంపుమని కొట్టువారికి వ్రాయుడు. వారు దానికేమైన ఎక్కువ ధర యడిగినచో, ఆ తేడాను నా పద్దున వ్రాసికొనుడు. ఆ రెండు కుర్చీలను మూలకు వేయక, కిటికీ ప్రక్కన, వెలుతురు కుడివైపునుండి పడునట్లు వేయవలెను. ఎడమచేత వ్రాయువానికి తన చేతి నీడ తన అక్షరముమీద పడకుండుటకు.